లేచి నిలబడని తరగతి

పద్మపూర్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన రైతులారా, బిస్సమ్ కటక్ అవతలి కొండ దిగి వచ్చిన పెద్దలారా, కాలేజీ కమిటీవారూ, విద్యార్థులారా. ముందు వరుసలో కూర్చున్న నారాయణమ్మగారూ. మీ అబ్బాయి ఢిల్లీశ్వరరావు జ్వరంతో మంచం పట్టి మనల్ని విడిచి వెళ్ళిపోయాడు. అందుకే అందరం ఇక్కడ చేరాం. ఈ రేకుల షెడ్డు ఇంతగా నిండటం నేను ఎన్నడూ చూడలేదు. కిందటేడు వార్షికోత్సవంలో నేను ఉపన్యాసం ఇస్తే ముందు బల్లలు కూడా నిండలేదు. చూశారా, ఇక్కడ నిలబడి కూడా పోల్చుకుంటున్నాను. అతడంటే నాకు కుళ్ళు అని రాయగడలో తెలియనివారెవరు? అది దాచి పొగడ్తలు చదివితే అందరికన్నా ముందు అతడే నవ్వి ఉండేవాడు.

మావాళ్ళు తరతరాలుగా ఎస్టేటు దివాణంలో పనిచేసినవాళ్ళు. అతడివాళ్ళు శ్రీకాకుళం పల్లెల నుంచి గుణుపూర్ వైపు వచ్చి సేద్యం చేసుకున్నవాళ్ళు. ఊరంతా చందాలు వేసుకుని ఈ కాలేజీ పెట్టినప్పుడు సమాజశాస్త్రం తరగతిలో మొదట చేరింది మేమిద్దరం. ఆ చదువు ఎందుకు పనికొస్తుందని మా ఇంట్లో అడిగారు, వాళ్ళింట్లోనూ అడిగారు. అంతవరకే మేమిద్దరం సమానం.

మా మాస్టారు ఒకసారి మమ్మల్ని బిస్సమ్ కటక్ అవతల కొండమీది కొందు గిరిజనుల ఊరికి పంపారు. వాళ్ళు ఎలా బతుకుతారో అడిగి తెలుసుకుని రమ్మన్నారు. నేను ఇస్త్రీ పంట్లాం, బూట్లు వేసుకుని ముందు నడిచాను. నన్ను చూడగానే ఊరు ఊరంతా లేచి నిలబడింది. నులక మంచం వాల్చారు. గుమ్మడికాయ తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు. మా తాతగారికీ ఇలాగే జరిగేదని విన్నాను కనుక అది గౌరవమే అనుకున్నాను. పొంగిపోయాను. పశువులెన్ని అంటే లేవన్నారు. పొలం ఎంత అంటే లేదన్నారు. అదంతా నిజమని చక్కగా పట్టిక గీశాను.

వాళ్ళు నన్ను భూమి కొలిచి శిస్తు వేసే అమీను అనుకున్నారని తర్వాత తెలిసింది. మంచమూ గుమ్మడికాయా అమీనుకి. దివాణం ఇంట పుట్టినవాడికి తప్ప భయాన్ని చూసి మర్యాద అనుకోవడం ఇంకెవరికి చేతనవుతుంది?

ఢిల్లీశ్వరరావు ఏం చేశాడు? పంచె ఎగగట్టుకుని, నా వెనకాల బురద కాళ్ళతో వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. ఆకు దొన్నెలో పోసిన చోడి అంబలి తాగాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. తన తండ్రి వరిచేనుకి ఏ పురుగు పట్టిందో చెప్పుకుని బాధపడ్డాడు. అది విని వాళ్ళూ కూర్చున్నారు. కూర్చున్నాక మాట్లాడారు. ఎవరు ఎవరికి పిల్లనిస్తారో, ఏ కొండ ఎవరిదో, ఎవరంటే భయమో, అన్నీ. తిరిగి వచ్చాక మాస్టారు అతడు రాసింది తరగతి అంతటికీ చదివి వినిపించారు. నాది చూసి దస్తూరి బాగుందన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరివాళ్ళు ఇవాళ ఆ చివర కూర్చున్నారు. నా కోసం రాలేదని నాకు తెలుసు.

తర్వాత ఇద్దరం ఇక్కడే ట్యూటర్లమయ్యాం. మా గదుల మధ్య ఒక తడిక. అతడు చేరిన రోజునే పిల్లలతో చెప్పాడు: "నన్ను సూసి లెగకండి. లెగిసి నిలబడ్డోడు నిజం సెప్పడు." క్రమశిక్షణ పోతోందని నేను కమిటీకి చెప్పాను. కమిటీ అడిగితే అతడు నవ్వి, "ఏటి సేస్తాం బాబూ, ఆ గదిలో లెగమనండి, ఈ గదిలో కూకుంటారు" అన్నాడట. అలాగే జరిగింది. నేను అడుగు పెడితే బెంచీలన్నీ ఒక్కసారి కదిలేవి. ఆ చప్పుడు నాకు ఇష్టం. తర్వాత గంటంతా నా గదిలో ఎవరూ నోరు మెదిపేవారు కాదు. తడిక అవతల వాదులాట, నవ్వులు, "కాదు సార్, మా ఊళ్ళో అలా కాదు" అనే గొంతులు. నేను పాఠం చెబుతూ ఆ గొంతులు వినేవాణ్ణి. ఎన్నోసార్లు ఆ తరగతి నాకిమ్మని కమిటీని అడిగాను. వాళ్ళు ఇవ్వలేదు.

మొన్న నారాయణమ్మగారిని చూడటానికి వెళ్ళాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మావోడు ఎప్పుడూ మీ మాటే సెప్పేవోడు బాబూ. వేంకటరమణ రాత ముత్యాల్లాగుంటాది, నాకు రాదు అనేవోడు" అన్నారు. మిత్రులారా, నేను ఇన్నేళ్ళు కుళ్ళుకుంటే అతడు నా మీద ఒక్కరోజైనా కుళ్ళుకోలేదు. ఇంతకన్నా అన్యాయం ఉందా?

కమిటీ ఇప్పుడు ఆ తరగతి నాకు ఇచ్చింది. నిన్న ఆ గదిలోకి వెళ్ళాను. ఏనాడూ ఎవరూ లేచి నిలబడని గదిలో పిల్లలందరూ లేచి నిలబడ్డారు. కూర్చోండి అన్నాను. కూర్చున్నారు. అదీ నేను చెప్పాను కనుకనే. గంటంతా ఒక్కరూ నోరు విప్పలేదు. తడిక అవతల నా పాత గది ఖాళీగా ఉంది. అటు నుంచి కూడా ఏ చప్పుడూ లేదు. ఆ పిల్లలు నా ఎదుట వాదించే రోజు వస్తుందో రాదో నాకు తెలియదు. రావాలని మాత్రం ఉంది. అతడికి వచ్చింది నాకెందుకు రాకూడదు?

ఇక సభ ఆనవాయితీ ప్రకారం మిమ్మల్ని లేచి నిలబడమని అడగవలసినవాణ్ణి నేనే. అతడు ఉంటే వద్దనేవాడు. లేచి నిలబడ్డవాడు నిజం చెప్పడనేవాడు. అతడి మాట ఒక్కటీ తప్పని నేను ఏనాడూ నిరూపించలేకపోయాను. ఇవాళ ఆ పని మీరు చేసిపెట్టండి. ఎవరికీ భయపడకుండా, ఎవరో చెప్పారని కాకుండా, అతడి మీద మీకున్న ప్రేమంతా మనసులో పెట్టుకుని నిలబడండి. ఈ ఒక్కసారి నన్ను గెలవనివ్వండి.

నారాయణమ్మగారూ, మీరు కూర్చోండి తల్లీ. మిగిలినవారందరూ దయచేసి లేచి, కాసేపు మౌనంగా నిలబడండి.