ఒమన్ పోని పెట్టెలు

దుబాయ్ అల్ వర్సాన్‌లో కార్మికుల క్యాంపు. శుక్రవారం మధ్యాహ్నం గోదాము కూలీ హన్మంతు కూరకు పోపు పెడుతున్నాడు. కంపెనీ అకౌంటెంట్ వెంకట్రావు బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“…ఒక్క మాట హన్మంతూ. ఆ ఎనర్జీ డ్రింకు పెట్టెలు ఒమన్ వెళ్లాయని చెప్పు, ఖలాస్.”

“లోపటికి రాండ్రి సార్. జర పక్కకు, నూనె చిట్లుతది.”

“వింటున్నావా? సరుకు దేశం దాటితే పన్ను లేదు. ఇక్కడే అమ్మితే సరుకు ధరెంతో పన్నంత. మంగళవారం ఫెడరల్ కోర్టులో అప్పీలు.”

“గా పెట్టెలు ఈడ్నే డేరా బజార్ల అమ్మింది మన మేనేజరు, గా ముదీరే గదా.”

“మెల్లగా! ఎవరైనా వింటారు.”

“మా తమ్ముడు పోచన్న ఎత్తుకపోయి అమ్మిండని పోలీసులకు జెప్పింది మీరే గదా.”

“పన్నులవాళ్లు చెకింగుకొస్తే ఏం చెయ్యమంటావయ్యా? ముదీర్ చెప్పమన్నాడు, చెప్పాను. ఇప్పుడేమో దొంగ అమ్మినా ఇక్కడ అమ్మినట్టేనట. పన్ను కంపెనీయే కట్టాలంటున్నారు.”

“ఆ దినం మీ కాళ్లు వట్టుకున్న సార్. యాదికున్నదా?”

“ఉంది.”

“ఏమన్నరు?”

“ఇప్పుడెందుకోయ్ అదంతా.”

“ఏమన్నరు సార్?”

“…దొంగను దొంగనక ఏమంటారన్నాను.”

“ఆఁ. ఉప్పు జూస్తరా?”

“హన్మంతూ, పోచన్న మంచికే వచ్చానయ్యా. అన్నదమ్ములిద్దరూ లారీలో తీసుకెళ్లి ఒమన్‌లో దింపొచ్చామని నువ్వు చెబితే, ఇక దొంగతనమే లేదు కదా! కేసు కొట్టేయిస్తాం. బ్యాన్ తీయించి మళ్లీ వీసా ఇస్తాం.”

“జైలు నుంచి ఊరికి పోయినంక వాడు గడప దాటలే సార్. వాని పెండ్లాం గౌరవ్వ బీడీలు జేసి ఇల్లు ఎల్లదీస్తున్నది.”

“అందుకే కదా! ఊళ్లో తలెత్తుకు తిరుగుతాడు. నువ్వు చెప్పకపోతే కంపెనీ మునుగుతుంది. ఆ కాయితాల మీద సంతకాలు నావి. నన్నూ లోపలేస్తారు. నాకూ పిల్లలున్నారు.”

“మీ వకీలు నిన్న ఫోన్ జేసిండు. పొద్దుగాల పోచన్నను అడిగిన.”

“అడిగావా? ఏమన్నాడు?”

“ఒప్పుకున్నడు. సాక్ష్యం జెప్త అని వకీలుకు జెప్పిన.”

“బంగారం లాంటి తమ్ముడయ్యా! ఏదీ, జడ్జి ముందు ఏం చెబుతావో ఒకసారి చెప్పు.”

“మా తమ్ముడు దొంగనే సార్. పెట్టెలన్నీ డేరాలనే అమ్మిండు.”