ఏనుగు ఎత్తిన బండి

రాఘవయ్య అంకుల్ నోరు తెరిస్తే కోతలేనని టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో మా వీధి మొత్తానికీ తెలుసు, మా ఆయన దీపక్‌కి తప్ప. అందుకే ఆ ఆదివారం సాయంత్రం నాకు టీ గొంతు దిగడం లేదు.

సంగతి ఇదీ. ఆగస్టులో మేమంతా ఆఫ్రికాలో నమీబియా వెళ్తున్నాం. అక్కడ ఎటోషా అని, ఎండి బీటలువారిన ఉప్పునేల చుట్టూ పెద్ద నేషనల్ పార్కు ఉంది. మేమిద్దరం, మా ఏడేళ్ళ తనీష్, రాఘవయ్య అంకుల్, ఆయన భార్య పద్మిని ఆంటీ, పక్కింటి లింగయ్య అంకుల్. టికెట్లు కొనేశాం. తేలనిది ఒక్కటే, పార్కులో బండి ఎవరు నడపాలన్నది. యోహానెస్ అనే అక్కడి గైడ్ తన బండిలో తిప్పి చూపిస్తానన్నాడు, ఔనో కాదో ఇవాళే చెప్పమన్నాడు. దీపక్ మాత్రం, "రాఘవయ్య గారు రెండేళ్ళ కిందట వెళ్ళొచ్చారు కదా, ఆయనే నడుపుతారు, మధ్యలో గైడెందుకు" అని పట్టుకు కూర్చున్నాడు. సింహాలు తిరిగే చోట నా కొడుకుని ఈ కోతలరాయుడి చేతిలో పెట్టాలట. వారం రోజులుగా నాకు నిద్ర లేదు.

అంకుల్ వాళ్ళ గరాజ్ తలుపు పైకెత్తి, మడత కుర్చీలు వేశారు. వెనక వింటర్ టైర్లు దొంతరగా ఉన్నాయి. బయట ఎండ ఇంకా తగ్గలేదు. పద్మిని ఆంటీ ఇంట్లోకి వెళ్ళే మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. దీపక్ ఫోన్ చేతిలో పెట్టుకుని, "అంకుల్, కావ్యశ్రీకి భయంగా ఉందట, మీ అనుభవం ఒకసారి చెప్పండి" అన్నాడు. చెప్పమంటే ఆగుతారా ఆయన.

"నేను చేసింది పెద్ద ఘనకార్యమేం కాదమ్మా," అని మొదలుపెట్టారు. "అద్దెకి ఓ బండి తీసుకున్నా, పార్కులోకి పోయి ఒక నీళ్ళ గుంట దగ్గర ఆపా, అంతే. వానల్లేని కాలం, చుట్టుపక్కల ఎక్కడా చుక్క నీళ్ళు లేవు, కాబట్టి ఏ జంతువైనా ఆ గుంట దగ్గరికి రావాల్సిందే, మనం వాటి వెంట పడక్కర్లా, కుదురుగా కూర్చుంటే చాలు. ఈ కిటుకు తెలీక మిగతావాళ్ళంతా పెట్రోలు తగలేసుకుంటూ తిరుగుతున్నారు. నేను ఇంజను ఆపి, అద్దం కాస్త దించి, పులిహోర పొట్లం విప్పుకున్నా."

"ఏమేమి వచ్చినయి?" అన్నారు లింగయ్య అంకుల్.

"ఏం రాలేదని అడుగు. జింకలొచ్చినయ్, జీబ్రాలొచ్చినయ్, జిరాఫీ ఒకటి వచ్చి కాళ్ళు బారజాపి నీళ్ళు తాగింది. అంతవరకూ బాగానే ఉంది. సరిగ్గా అప్పుడు వెనక టైరు తుస్సుమంది. గులకరాళ్ళ రోడ్డు కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" దీపక్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"అక్కడ బండి దిగకూడదని రూలు. దిగితే జరిమానా మాట దేవుడెరుగు, సింహం మనల్ని ఫలహారం చేసేస్తుంది. మరి దిగకుండా టైరు ఎలా మారుస్తావ్? ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఇలా ఆలోచిస్తుంటే ఓ ఏనుగొచ్చింది. ఏనుగంటే మనం సర్కస్‌లో చూసే ఏనుగు కాదు, ఈ గరాజ్‌లో పట్టదు. కోపం మీదుంది, చెవులు ఇలా విప్పింది. నేనేం కంగారు పడలా. సంచిలోంచి బెల్లం అచ్చు తీసి కిటికీలోంచి అందించా. తిన్నది. రెండోది చూపించి, ఇదీ నీకే తల్లీ, కానీ ముందు పని కానివ్వు అన్నా."

"ఏ భాషలో అంకుల్?" అన్నాను.

"తెలుగులోనే. ఏనుక్కి భాషతో ఏం పనమ్మా, మర్యాదగా అడిగితే చాలు. అది తొండం బంపర్ కిందికి పోనిచ్చి బండి వెనక భాగాన్ని ఇంత ఎత్తున లేపి పట్టుకుంది. కదలదే. నేను కిటికీలోంచి నడుందాకా వంగి, నట్లు ఊడదీసి, పాత టైరు తీసి కొత్తది బిగించా. ఆ నట్లు కింద పోకుండా ఎవరు పట్టుకున్నారనుకున్నావ్? పక్కన నిలబడ్డ ఏనుగుపిల్ల."

దీపక్ కళ్ళు మెరుస్తున్నాయి. లింగయ్య అంకుల్ మీసాల్లో నవ్వుకున్నారు. కానీ అంకుల్ అక్కడ నవ్వకుండా గొంతు సవరించుకుని ఇలా అన్నారు: "అందుకే చెబుతున్నా దీపక్, అందరికీ అలాంటి ఏనుగు దొరకదు. పసివాడున్నాడు. ఆ గైడ్‌నే పెట్టుకుంటే మంచిదేమో."

"ఏనుగుతో పని చేయించిన మనిషి మీరుండగా గైడెందుకంకుల్?" అన్నాడు దీపక్.

అంకుల్ మొహం కొంచెం వాడింది. గ్లాసుడు నీళ్ళు తాగారు. చెప్పింది చాలలేదనుకున్నారేమో, ఇంకో మెట్టు ఎక్కారు.

"ఏనుగు సంగతి సరేనయ్యా, సింహం మాటేమిటి? మగ సింహం, జూలు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. తిన్నగా వచ్చి బానెట్ మీద ముందుకాళ్ళు పెట్టింది. అద్దానికి ఇవతల నేను, అవతల అది, మధ్యలో దాని ఊపిరికి పట్టిన ఆవిరి. మీరైతే అక్కడికక్కడే పోయేవాళ్ళు, అబద్ధమెందుకు. నా చేతికి ఆవకాయ సీసా తగిలింది. మూత తీసి ఒక ముక్క విసిరా. నాకింది. ఒక్క క్షణం ఊరుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కళ్ళవెంట ధారలు. ఒక్క పరుగున పోయి గుంటలో మూతి పెట్టింది, గుంట ఎండేదాకా ఎత్తలా."

"గుంటంతా తాగిందా?" అన్నారు లింగయ్య అంకుల్.

"బురద కూడా నాకింది. గుంటూరు కారమయ్యా అది. ఇక అప్పుడు మొదలైంది అసలు కష్టం. ఉన్న ఒక్క గుంటా ఎండిపోయింది. జంతువులన్నీ వచ్చి బండి చుట్టూ మూగినయ్. ఒక్కటీ అరవదు, అన్నీ నా వంకే చూస్తున్నయ్. తప్పు మన ఆవకాయదే కదా, కాదని ఎలా అంటాం? బండి ముందు కొడదామని తెచ్చిన కొబ్బరికాయ ఒకటుంది. దాన్ని అరచేతిలో పడుకోబెట్టుకుని, మా వైపు బోరు వేసేముందు నీళ్ళు చూస్తారే, అలా చూసుకుంటూ ఉప్పునేల మీదకి నడిచా."

"బండి దిగొద్దంటిరి?" అన్నారు లింగయ్య అంకుల్.

"అది సింహానికి భయపడేవాళ్ళకి. ఆవకాయ దెబ్బకి ఆ సింహం అప్పటికే నాకు శిష్యుడైపోయింది, తోక ఊపుకుంటూ వెనకాలే వస్తోంది. నడిచీ నడిచీ ఒకచోటికి వెళ్ళేసరికి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిటారుగా నిలబడింది. ఇక్కడమ్మా అని ఏనుక్కి చూపించా. దంతంతో ఒక్క పోటు పొడిచింది. నీళ్ళు మన సీఎన్ టవరంత ఎత్తు లేచినయ్. పొద్దు వాలేసరికి అంత ఎడారీ సముద్రం. కొంగలు, బాతులు ఎక్కడెక్కడినుంచో దిగినయ్. తోపులాట. నేనే లైన్లు పెట్టించా, సింహాలకి ఒక లైను, జీబ్రాలకి ఒక లైను, చంటిపిల్లల తల్లులకి వేరే లైను. పార్కు పెద్దాఫీసరు వచ్చి చేతులు పట్టుకున్నాడు, బాబ్బాబు ఇక్కడే ఉండిపొమ్మన్నాడు. ఎక్కువకాలం కెనడా బయట ఉంటే ఓహిప్ కార్డు, అదే మా ఉచిత వైద్యం కార్డు, పోతుందయ్యా అని చెప్పి వచ్చేశా."

"పొద్దు గూకితే గేటు మూస్తరంట కదా, ఎట్ల బయటికొచ్చిన్రు?" అన్నారు లింగయ్య అంకుల్. ఆయనది కరీంనగర్, సరదా తీరేదాకా వదలరు.

"మంచి మాట అడిగావ్. సూర్యుడు దిగబోతూ నా బండిని చూశాడు. నేను గేటు దాటేదాకా అక్కడే నిలబడ్డాడు."

అని అంకుల్ దీపక్ వైపు తిరిగి, మెల్లగా, దాదాపు బతిమాలుతున్నట్టు, "చూశావుగా నాయనా, ఎంత ప్రమాదమో. గైడుంటే ఈ గొడవలేం ఉండవు" అన్నారు.

"అంకుల్, సూర్యుణ్ణి ఆపిన మనిషి మాతో వస్తుంటే ఆ గైడ్ మొహం ఎవరు చూస్తారు?" అన్నాడు దీపక్. అని ఫోన్ తెరిచి, అక్కర్లేదని మెసేజ్ కొట్టడం మొదలుపెట్టాడు.

అంకుల్ ఆ ఫోన్ ఆపబోయి, కప్పులో టీ లుంగీ మీద ఒలకబోసుకున్నారు. అప్పుడు వెలిగింది నాకు. ఈయనకీ బండి నడపడం ఇష్టం లేదు. మమ్మల్ని భయపెట్టి తప్పించుకుందామని చూస్తుంటే, చెప్పిన ప్రతి కోతా ఆయన్ని స్టీరింగ్ దగ్గరికి తోస్తోంది. నాకు కోపం పోయి జాలేసింది. ఇంకో సంగతి కూడా తట్టింది. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళిన ప్రయాణం అది, ఇంత కథలో ఆంటీ ఒక్కసారి కూడా కనబడలేదు.

"ఆంటీ, ఏనుగు బండి ఎత్తినప్పుడు మీరు లోపలే ఉన్నారా? భయం వేయలేదా?" అని అడిగాను.

ఆంటీ తలెత్తి అంకుల్ వంక చూశారు. అంకుల్ కూడా ఆవిడ వంక చూశారు. చెప్పొద్దన్న చూపు కాదది.

"మేం బండెక్కితే కదమ్మా," అన్నారు ఆంటీ చిక్కుడుకాయ చీలుస్తూ. "పార్కు గేటు బయట హోటల్లో దిగాం. ఉన్నది ఒక్కరోజే. తెల్లారగట్లే హోటలువాళ్ళ బండి వచ్చింది, అందరూ ఎక్కారు. ఈయన ఫోన్లో పంచాంగం చూసి, వర్జ్యం ఉంది, ఇది వెళ్ళాక బయల్దేరదాం అని కూర్చున్నారు. వాళ్ళు కాసేపు హారన్ కొట్టి వెళ్ళిపోయారు. వర్జ్యం పోయేదాకా గదిలోనే ఉన్నాం. ఆ తర్వాత చూసుకుంటే అది టొరంటో వర్జ్యం. ఫోన్లో ఊరు మార్చుకోలేదు."

లింగయ్య అంకుల్ పొట్ట పట్టుకుని వంగిపోయారు. దీపక్ వేలు ఫోన్ మీదే ఆగిపోయింది.

"మరి సింహం?" అన్నాడు పాపం.

"హోటల్ గోడ మీద పెద్ద బొమ్మ వేశారు నాయనా. దాని పక్కన నిలబడి ఫోటో దిగారు."

అందరం అంకుల్ వైపు చూశాం. ఆయన ఏదో అందామని నోరు తెరిచారు, తెరిచి, "అమ్మయ్య" అన్నారు. అంత నిజమైన మాట ఆ సాయంత్రం ఆయన నోట ఇంకొకటి రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "కొట్టు దీపక్, ఆ గైడ్‌కి ఔనని కొట్టు, వాడు ఇంకొకళ్ళకి ఒప్పుకునేలోపు కొట్టు" అన్నారు.

దీపక్ రాసింది చెరిపేసి, ఔనని పంపించాడు. అక్కడ అర్ధరాత్రి కావస్తున్నా, నాలుగు క్షణాల్లో యోహానెస్ నుంచి సరేనని జవాబొచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. చల్లారిన టీ కూడా గటగటా తాగేశాను. ఆంటీ పక్కన మెట్టు మీద కూర్చుని ఓ గుప్పెడు కాయలు నేనూ అందుకున్నాను. అంకుల్ని వేళాకోళం చేయాలనిపించలేదు ఎవరికీ. పెద్దాయన, పైగా అంత హాయిగా ఉన్నారు.

దీపక్‌కే మనసు ఊరుకోలేదు. ఇంతసేపూ నమ్మినందుకు సిగ్గుపడుతున్నాడో, ఆయన చిన్నబోయారేమో అనుకున్నాడో, మర్యాదగా, "అంకుల్, పోనీ మీరు ముందు సీట్లో గైడ్ పక్కన కూర్చోండి. అన్నీ దగ్గరగా కనిపిస్తాయి" అన్నాడు.

"ఒద్దు నాయనా, నన్ను మధ్యలో కూర్చోబెట్టండి," అన్నారు అంకుల్. "అటు పద్మిని, ఇటు తనీష్ ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది."