అనూహ్య కొలిచిన చెలక

జ్వరమని చెప్పకుండ్రి నరేందరన్నా. జ్వరమొచ్చిన పిల్ల వాకిలి ఊడుస్తదా? బస్సు దిగంగనే చూసిన. నన్ను చూసి లోపలికి ఉరికింది. వారం సంది మీ అనూహ్య బడికి రాకపోతే, అడుగుదామని నేనే వచ్చిన.

చాయ్ వద్దన్నా. ముందు నా మాట వినుండ్రి.

అవును, ఈ లొల్లి నాతోనే మొదలైంది. కాదంటలేను. కానీ ఎందుకు చేసిన్నో మీకు తెల్వాలె కదా. కొత్త నౌకరి నాది. తొమ్మిదో తరగతికి లెక్కలు. నేను బోర్డు దిక్కు తిరిగితే ఒకడు నిద్ర, ఒకడు బల్ల కింద ఫోను. కోపం చేసిన, బతిమిలాడిన, సిద్దిపేటల మా బాపు దుకాణం నుంచి పెన్నులు తెచ్చి పంచిన. ఏం లాభం? మీ తమ్ముని కొడుకు వివేక్ అయితే మొకం మీదనే అన్నడు, "ప్లాట్లు అమ్మెటోళ్లకు లెక్కలెందుకు మేడం, ఫోన్ల క్యాలిక్యులేటర్ ఉన్నది కదా" అని. అందరు నవ్విన్రు. ఆ రోజు బస్సుల కూసొని ఏడ్చిన. నవ్వకుండ్రి, నిజంగనే ఏడ్చిన.

అప్పుడనిపించింది, వీళ్లకు ఎరుకున్నది జాగనే కదా, జాగతోనే చెప్దామని. టేపులిచ్చి "మీ మీ చెలకలు కొలుచుకొని రాండ్రి" అన్న. అన్నా, ఆ పిల్లలను మీరు చూడాల్సుండె. బెల్లు కొట్టినా ఇంటికి పోలే.

మొట్టమొదలు చెయ్యి లేపింది మీ బిడ్డనే. "మా చెలకకు నాలుగు పక్కలు నాలుగు తీర్ల ఉన్నయి, ఎట్ల మేడం?" అని. ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగ కొలిచి, రెండు త్రిభుజాలు చేసి కలపాలె అని చూపిచ్చిన. తను, వివేక్ టేపు చెరొక కొస పట్టుకొని మీ అన్నదమ్ముల రెండు ముక్కలూ కొలిచిన్రు.

పంపకాలప్పుడు మీ పెద్దలు అట్ల కొలవలే. ఎదురెదురు పక్కలు కలిపి సగం చేసి గుణించిన్రు. ఊర్లల్ల అందరు చేసేది గదే. మూలలు సక్కగుంటే సరిపోతది. మూల గుంజుకపోయిన చెలకకు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తది. సక్కటి ముక్క మీకొచ్చింది, గుంజుకపోయింది మీ తమ్మునికి పోయింది. లెక్కల సమానం, నేల మీద కాదు. దాంట్ల ఎవరి మోసం లేదు. మోసమని నేనెప్పుడన్న అన్ననా?

అన్నది మీ తమ్ముడు రాజశేఖరే, ఒప్పుకుంట. కొత్తగ హద్దురాళ్లు పాతుతనని వచ్చిండంట. మీరు కట్టె పట్టుకొని గట్టు మీదికి పోయిన్రంట. అన్నదమ్ములు మీరు మీరు చూసుకోవాలె గని, పిల్ల ఏం చేసిందన్నా? బడి మాన్పిచ్చి ప్రజ్ఞాపూర్ల మీ చెల్లె బట్టల దుకాణంల కూసోబెడ్తరా?

ఆమె రాకపోయేసరికి నా క్లాసు మళ్ల పండుకున్నది. వివేక్ వస్తుండు గని తల ఎత్తుతలేడు. నిన్న అడిగితే, "కొలిస్తే కొట్లాటలే కదా మేడం" అన్నడు. ఏం జవాబియ్యాలె నేను?

ఏమన్నరు?

లెక్క తప్పని చెప్పాల్నా? నేనా? లెక్కల టీచర్ను.

అట్ల చెప్తే పంపుతరా? రేపటి సందేనా? మీ తమ్ముని ముందట కూడ చెప్పాలెనా?

నా నోటితోని ఆయన జాగ పోతది, తెలుసు కదా మీకు. ఆయనకు నేనేం బాకీ లేను, మీకు శత్రువును కాను. నాకు మీ పిల్ల కావాలె, అంతే.

సరే. చెప్త. కొత్త టీచరును, సూత్రం తప్పు చెప్పిన, అనూహ్య కొలిచింది తప్పయింది అని బోర్డు మీద కొట్టేస్త. రాజశేఖర్‌కు కూడ నేనే చెప్త.

చూసిన్రా, మీ మొకంల కోపం ఎట్ల దిగిందో. అంటే లెక్క సరైనదేనని మీకూ ఎరుకే. ఉండనియ్యుండ్రి, నేను ఎవ్వరికి చెప్పను.

తలుపు ఎనక గాజుల సప్పుడు ఇందాకటి సంది వింటనే ఉన్న. అనూహ్యా, రేపు బ్యాగు సదురుకొని రా బిడ్డా. ముందట బెంచీల్నే కూసో.

ఒక్కటి మాత్రం. నేను బోర్డు మీద తప్పని రాసేటప్పుడు, చెయ్యి లేపకు.