పొడుగుతోక ఆకురాయి

ఆగాగు ఏలిష్! ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టు తల్లీ. మూతకీ ఈ మోటారుసైకిల్ ఇంజన్‌కీ మధ్య దాన్ని దూర్చావంటే నా ప్రాణం ఈ స్టూలు మీదే పోతుంది. పదకొండు స్క్రూలూ తీశావు, అయినా మూత కదల్లేదు, అంతేగా? అందుకని పెకలించేస్తావా? ఆ మూత వయసు నీ వయసుకి మూడింతలు. పగిలిందా, మన మ్యాన్ దీవిలోనే కాదు, భూమ్మీదే ఇంకోటి దొరకదు. ఇలా కూర్చో. ఆ టీ ఇటివ్వు. ఈ మూత ఇదివరకొకసారి ఊడదీశాం. తీసింది నేనే. అంటే నేనూ, ఇల్యం కిన్విగూ. సరే, ఆ చూపెందుకు, కాస్త ఎక్కువగా ఇల్యమే.

ఇల్యం నువ్వు పుట్టకముందే పోయాడులే. మీ అమ్మమ్మ బ్రీషాకి సొంత బాబాయి. పీల్ రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. నోట్లో ఒక్క పన్ను లేదు గానీ పొగబెట్టిన హెర్రింగు చేపని ముల్లు కూడా మిగల్చకుండా తినేవాడు. వాళ్లన్న జూవన్, అదే, బ్రీషా నాన్న, ఓ రోజు ఈ బండిని సముద్రం గోడకి ఆనించి వేటకెళ్లాడు. పడవ తిరిగి రాలేదు. బండి మాత్రం ఆరు చలికాలాలు అక్కడే నిలబడింది. దాన్ని కదపడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఉప్పుగాలి తినేసి మూతంతా తెల్లటి పొడి, రొట్టె మీద పిండి చల్లినట్టు. అప్పుడు బ్రీషాకి పెళ్లి కుదిరింది. "బాబాయ్, నేను చర్చికెళ్తే నాన్న బండి మీదే వెళ్తా" అంది. "సరేనమ్మా" అనేశాడు ఇల్యం. తొమ్మిది రోజులే ఉంది. బండిని గోడ దగ్గర్నుంచి వర్క్‌షాపుకి తెచ్చిందెవరు? నేను! చంకలో పెట్టుకుని ఒక్క బిగిన ఎక్కించా. సరే, చక్రాలు కూడా కొంత సాయం చేశాయనుకో.

ఇల్యం పద్ధతి చూడాలి! ముందు అట్టముక్క మీద మూత బొమ్మ గీసుకున్నాడు. ఊడిన స్క్రూని ఊడినట్టే అట్టలో దాని చోట గుచ్చేవాడు, ఒక్కోదాని పొడుగు ఒక్కో రకం కదా. నూనె పోసి, వేడి చూపించి, స్క్రూ నెత్తిన డ్రైవర్ నిలబెట్టి "ఊ, ఫిన్లోగా, కొట్టరా" అనేవాడు. నేను సుత్తితో కొడితే, తల్లీ, సముద్రం అవతల ఐర్లండులో ఎవడో తలుపు తీసి "ఎవరదీ?" అన్నాట్ట! దెబ్బ పడ్డాక ముందు కాస్త బిగించేవాడు, ఆ తర్వాతే విప్పడం. అలా నాలుగు రోజుల్లో పదకొండు. మూత చూస్తే రాదు. చెక్క సుత్తితో చుట్టూ తట్టాం. రాదు. నేను నీలాగే స్క్రూడ్రైవర్ ఎత్తాను. ఇల్యం నా మణికట్టు పట్టుకున్నాడు, ఇదిగో, ఇక్కడ, ఇప్పటికీ నొప్పే. "రానిదాన్ని లాగకురా ఫిన్లో. అది ఇంకా ఎక్కడో పట్టుకుని ఉంది. ఇది పగిలితే ఆ పిల్లకి నేను మొహం చూపించలేను." ఇల్యం అలా బతిమాలడం అదొక్కసారే విన్నాను. నాకు గాభరా పుట్టి, కన్నాల్లో చిలుము గోకుదామని "ఆ సన్న ఆకురాయి ఇలా ఇవ్వు" అన్నా. "ఏ ఆకురాయి?" అన్నాడు. గుండ్రంగా, కొసదేరి ఉంటుందే, పొడుగుతోకది. ఆ తోక ఏ జంతువుదో, నోరు జారి దాని అసలు పేరు అనేశాను! ధాన్యం తినేది, పిల్లికి భయపడేది, అరిష్టమని ఈ దీవిలో ఏ తల్లి కన్నబిడ్డా పేరెత్తనిది. అదీ, సముద్రం మింగిన మనిషి బండి ముందు!

ఇల్యం పనిముట్లు వదిలేశాడు. "ఈల వెయ్యి" అన్నాడు. "దోషం పోవాలంటే అదే దారి. నాకు పళ్లు లేవు, నీ పాపానికి నేను వెయ్యలేను. వెయ్యరా వెధవా!" వంగి ఉన్నవాణ్ణి వంగినట్టే ఈల వేశాను. నా ఈలంటే మాటలా, కోట మీది గల్ పక్షులు మూడు రోజులు తిరిగి రాలేదు! ఆ గాలికి మూత మీది తెల్లపొడి గుప్పున లేచింది. చూస్తే గుంటలో చిన్న మెరుపు. పన్నెండో స్క్రూ! చిలుము నిండిపోయి కనబడలేదంతే. ఇల్యం దాన్ని విప్పి చెక్క సుత్తితో ఒక్కసారి తట్టాడు. మూత వచ్చి అరచేతిలో కూర్చుంది, పిచ్చుకలాగా. ఇక ఇంజన్ బాగుచేసి, మూతని సానబట్టాడు చూడు, మూడు రోజులు. పాదిరీగారు అందులో చూసుకుని కాలరు సర్దుకున్నారంటే నమ్ముతావా? పెళ్లినాడు బ్రీషా తెల్లగౌను మోకాళ్లదాకా మడుచుకుని ఈ బండి మీద గోడ పక్కనుంచి వెళ్లింది. ఇల్యం గోడ మీద కూర్చుని చూశాడు. చూసి... "అన్న ఇంటికొచ్చినట్టుందిరా" అన్నాడు.

టీ చల్లారిపోయింది.

ఏమన్నావ్? దాని అసలు పేరేంటి, ఇదేనా అని... అయ్యయ్యో, అనేసింది! నా ఎదురుగానే అనేసింది! అచ్చం బ్రీషా రక్తం. ఊ, ఇక ఈల వెయ్యి. నావైపు కాదు తల్లీ, మూతవైపు. ఇంకాస్త వంగు. ఆ కిక్ కడ్డీ కిందికి, ఆ గుంటలోకి.