జెస్సీ వదిన అడిగిన మాట

హలో… ఆ, దీవెననే నాయనా. నంద్యాల ఆసుపత్రిలోనే ఉండాం ఇంకా.

…చేసినారు. అన్నా, వదినా ఇద్దరూ సంతకం చేసినారు. బుధవారం ఆపరేషన్.

ఆ… ఆ… ప్రార్థన తర్వాత చేద్దువుగానీ. ఫోన్ పెట్టొద్దు. ఒక మాట చెప్పాల.

లేదు, హెప్సికేం కాలేదు. లోపల వాళ్లమ్మ ఒళ్లో ఆడుకుంటాంది. నేనే బయటికొచ్చినా.

నాయనా… నేను తప్పు చేసినా.

—చెప్తాండా, విను. డాక్టరు అంతా బాగానే చెప్పినాడు. పాపకు వినపడేటట్టు చెవి యెనక కోసి లోపల మిషన్ పెడతారంట. మాట రావడానికి ఏండ్లు పడుతాదంట. ఆయన చెప్పేదంతా నేను చేతుల్తో వీళ్లకు చెప్తాండా. అన్న మొదట ఒప్పుకోలేదు. "నాకూ వినపడదు. నేను బతకడంల్యా? నా బిడ్డకేం తక్కువని కోసేది?" అన్యాడు.

…అట్లనొద్దు. మొండితనం కాదది. క్రాంతన్న మాదిరి విగ్రహాల రాయి నునుపు చేసేటోడు ఆళ్లగడ్డలోనే లేడని గురుస్వామి మేస్త్రి అంటాడు. వానికి వాడు తక్కువనిపించదు. నీకే అనిపిస్తాది.

తెలుసు… తెలుసు నాయనా. లారీ హారన్ వినపడక వాని కాలిరిగింది నేను మర్సిపోలేదు. నాకూ పాపకు వినపడాలనే ఉండాది. అదే నాతో తప్పు చేయించింది.

జెస్సీ వదిన ఒకటే అడిగింది. "మిషన్ పెట్టినాక కూడా పాప మాతో చేతుల్తో మాట్లాడొచ్చా?" అని. నేను డాక్టర్నడిగినా. ఆయన, "వద్దమ్మా, ఇంట్లో సైగలు ఆపేయండి, లేకుంటే మాట రాదు" అన్యాడు.

…

నేను వదినకు "మాట్లాడొచ్చంట" అని చెప్పినా.

అవును, అబద్ధమే. ఆ మాట మీదనే సంతకం పెట్టింది. పెట్టి నా చేతులు కండ్లకద్దుకున్యాది.

…ఏందీ? మంచి పని చేసినానా?

వాళ్లకు నోరు రాదు. చెయ్యీ ఎత్తకూడదంటే సొంత బిడ్డతో ఎట్ల మాట్లాడాల నాయనా?

నేనా? నేనెన్నాళ్లుంటా? వచ్చే నెల పెళ్లయితే కొలిమిగుండ్లకు పోతాండా గదా. నాకు ఆరేండ్లప్పటి నుంచి నీకూ అన్నకూ నడుమ నేనే. నువ్వు తిట్టినవి వానికి సగమే చెప్పినా. వాడన్నవి నీకు చెప్పనే లేదు.

…చెప్పమంటావా? "నాయన ముప్పై ఏండ్లల్లో నాతో ఒక్క దినం మాట్లాడల్యా" అన్యాడు.

హలో?… ఉండావా?

హెప్సి నీకు పేరు పెట్టింది, తెలుసునా? మూతి మీద వేలు గీస్తాది. మీసమని. నువ్వొచ్చినప్పుడల్లా అట్లనే పిలుస్తాది. నువ్వేమో ముక్కు తుడవమంటాందనుకొని తువ్వాల తీస్తావు.

…

బుధవారం అయిపోయినాక చెప్పాల్నా? అప్పుడు వదిన నా మొగం చూస్తాదా? ఇప్పుడు చెప్తే సంతకం వెనక్కి తీసుకుంటారేమో. పాపకు ఆపరేషన్ చేసే వయసు దాటిపోతాది. పెద్దదయినాక, "నువ్వే చెడగొట్టినావత్తా" అంటాది. ఎట్ల తిరిగినా నాకే తగులుకుంటాది నాయనా.

ఈడ నర్సు కమలాక్షమ్మ చెప్పింది, ఆ మాట ఒప్పుకోని డాక్టర్లూ ఉండారంట. చెయ్యీ, నోరూ రెండూ నేర్పొచ్చంటారంట. ఇంకో చోట అడిగి… ఎందుకొద్దు? ఈయన చెప్పిందే బైబిల్ వాక్యమా నీకు?

…ఉండు.

అన్న అద్దం అవతల నుంచి చూస్తాండాడు. నా నోరు చూస్తాండాడు నాయనా.

…ఎంతసేపటి నుంచో తెల్యదు. చిన్నప్పుడు వాని చేతులు యెనక్కి కట్టి, పెదాలు చూసి మాటలు పట్టుకొమ్మని నువ్వే గదా నేర్పించింది.

తలుపు తీసినాడు. "ఏం అబద్ధం?" అని చేతుల్తో అడుగుతాండాడు. వదినా వస్తాంది.

లేదు. ఇంక నా వల్ల కాదు. ఫోన్ బెంచీ మీద పెడతాండా, రెండు చేతులూ కావాల. నీకేమీ వినపడదు. అయినా ఉండు.

…

…

…

నాయనా. ఉండావా?

చెప్పేసినా. అంతా చెప్పేసినా.

…వదిన కొట్టింది. చెంప మీద. ఇప్పుడు పాపను గట్టిగా పట్టుకొని మూలకు పోయి కూసుంది. నన్ను దగ్గరికి రానీదు.

సంతకం పెట్టిన కాయితం అన్న చేతిలో ఉండాది. చించలేదు. ఆపరేషన్ వద్దనలేదు, కావాలనీ అనలేదు. ముందు నిన్ను రమ్మంటాండాడు.

…ఆ, ఈడికే. ఈ పొద్దే. నేను నడుమ ఉండకూడదంట. నువ్వొక్కనివే వాని ఎదురుగా కూసోవాలంట.

…నాకేం తెలుసు ఎట్ల మాట్లాడతావో. నేను చెప్పిపెట్టేది లేదింక. వాడు నన్నే నమ్మడంల్యా.

నాయనా… ఏడుస్తాండావా?

ఏడిస్తే బస్సులో ఏడువు. రెండున్నర బస్సు దొరుకుతాది. బయలుదేరు. పెడతాండా.