కవూతా తీసిన ఏనుగు పుర్రె

ఏంటమ్మీ, పుర్రెకి అంత దగ్గరగా పెడతావు ఆ ఫోను? నాలుగడుగులు వెనక్కి రా. దంతం మొదలు నుంచి దవడ దాకా అంతా పడాలి. నాకు అంకెలు తప్ప చదువు రాదు గానీ, ఎముకల ఫొటో ఎలా తీయాలో మన సంబురు తెగ నేల మీద నాకు తెలిసినంత ఎవడికీ తెలీదు. కవూతా దగ్గర చూసి నేర్చుకున్నా. ఎవరంటావేంటి, మీ ఇంట్లో చెప్పలేదా? చెప్పరులే, మంచి విషయాలు చెప్పే అలవాటు మీ ఇంట్లో లేదు. కంబా తెగ పిల్ల, నైరోబీ నుంచి వచ్చింది. చచ్చిన ఏనుగులవీ, జిరాఫీలవీ పుర్రెలు వెతుక్కుంటూ తిరిగేది. పక్కన చిన్న పలక పెట్టి, సుద్దముక్కతో తేదీ రాసి, అప్పుడు తీసేది ఫొటో. దారి చూపేవాణ్ని నేను. మంచి మనిషే గానీ మొండిది. కన్నుమూసి పన్నెండేళ్లయింది.

మనవాళ్లం ఏనుగు పుర్రె కనపడితే గౌరవంగా పచ్చాకు పెట్టకుండా దాటుతామా? ఆ వాగు గట్టున పెద్ద ఆడ ఏనుగు పుర్రె ఒకటుండేది, వచ్చేపోయేవాళ్లు పెట్టిన ఆకులతో పొదలాగా. ఈమె నన్నో మాట అడక్కుండా ఆకులన్నీ చేత్తో ఊడ్చి పారేసింది. ఎముక కనపడాలి కదన్నా, అంటుంది. ఇప్పటికీ అది తప్పే అంటా నేను. అసలే ఆ రోజు మా చెల్లెలి పెళ్లి, ఎద్దును కోసే రోజు. ఆమెకిచ్చిన మాట కోసం అది వదులుకుని వెళ్లానేమో, ఒళ్లు మండింది. నీ ఎముకలు నువ్వే చూసుకో అని ఈటె పట్టుకుని ఇంటికొచ్చేశా. ఆమె సెలవిచ్చిందని అందరికీ చెప్పి, మాంసం కూడా తిన్నా. పొద్దుగూకేలోపు కవూతా ఒక్కతే ఎలాగో వచ్చిపడింది. నేను వదిలేసి వచ్చానని ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలకి అడవి అధికారులు వచ్చి మీ తాతని పట్టుకుపోయారు. నా తమ్ముడే కదా, ఆ పుర్రె దగ్గర గొడ్డలితో దొరికాడు. కట్టెలకి పోయాడు వాడు. దంతాల కోసం మొదట్లో నరికిన గాట్లు ఈ నెలలో పడ్డవే అన్నారు వాళ్లు. ఏనుగు కేసంటే ఏళ్లకేళ్లు జైలు. మీ నాన్న అప్పటికి మీ అవ్వ కడుపులో ఉన్నాడు. మీ తాతేమో వానలు పడేదాకా దూరాన పశువుల మంద దగ్గరే ఉండి, చెల్లెలి పెళ్లికి కూడా రాలేదు, తిరిగొచ్చి నెలే అయింది. ఆకులు ఊడ్చినప్పుడు ఆ గాట్లు నాకూ కనపడ్డాయి. చెప్పాలంటే, అతిథిని అడవిలో వదిలొచ్చానని ఒప్పుకోవాలి నేను. ఫొటో ఉంది కదా, అదే చెబుతుందిలే అనుకున్నా.

మరలాల్ కోర్టులో ఫొటో చూపించింది కవూతా. పలక మీద తేదీ ఎవరైనా రాయొచ్చన్నాడు జడ్జి, ఆ రోజు నీతో ఎవరున్నారన్నాడు. ఆమె నా వైపు చూసింది. "ఎవరూ లేరండీ. దారి చూపే అన్నని నీళ్లకి పంపించాను" అంది. నా పరువు కాస్తోందన్నమాట. అక్కడ మీ తాత తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

లేచా. "అది నిజం కాదయ్యా. ఆకులు తీసిందని అలిగి నేనే వదిలేసి పోయా. పెళ్లి మాంసం తినడానికి పోయా. ఈ పెద్దలంతా ఆ రోజు నన్ను చూశారు. ఆ గాట్లు అప్పటికే ఉన్నాయి, నా కళ్లతో చూశా. నా తమ్ముడు అప్పటికి దూరాన మంద దగ్గరున్నాడు, పెళ్లికి కూడా రాలేదు."

పెద్దలు ఒక్కొక్కరే లేచి అవునన్నారు. సాయంత్రానికి వదిలేశారు మీ తాతని. ఆ లెనయ్యార వాళ్లింటి ముసలోడు మాత్రం, మాంసం కోసం ఆడమనిషిని సింహాలకొదిలిన వీరుడొస్తున్నాడు అని వాంబా సంతలో అందరి ముందూ అన్నాడు. వాడింట్లో పాలు ఈ రోజుకీ ముట్టను నేను. వాడి మనవడు వస్తే మంచినీళ్లివ్వకు.

కోర్టు బయట కవూతా నా పక్కకొచ్చింది. తిడుతుందనుకున్నా. "అన్నా, ఆ ఎద్దు మాంసం బాగుందా?" అని అడిగింది. ముదురు ఎద్దు, నమల్లేక చచ్చానన్నా. అంతే, రెండో రోజు మళ్లీ ఇద్దరం బయల్దేరాం. ఆరేళ్లు తిరిగాం. మీ నాన్న పుట్టిన పొద్దున మీ తాత జైల్లో లేడు, గుమ్మంలోనే కూర్చుని...

అదిగో, నీ మేకలు వాగులోకి దిగుతున్నాయి చూడు.