రిజల్ట్ రోజు ఉల్లిపాయలు

రా సాత్వికా, ఆ పీట లాక్కుని కూర్చో. ఫోను కోసం వెతక్కు, బియ్యం డబ్బాలో అడుక్కి తోశాను. నువ్వే గదా పై గదిలోంచి దిగొచ్చి, 'అంకుల్, ఇది నా ఆఖరి అటెంప్టు, నాకు ధైర్యం లేదు, మీరే చూసి చెప్పండి' అని రోల్ నంబరు ఇచ్చి వెళ్లావు. చెప్తాను. ముందు ఈ ఉల్లిపాయలు తరుగు. మా ఇంట్లో రిజల్ట్ రోజు పద్ధతి ఇది. మీ వీణా ఆంటీ లేదు, పాలకెళ్లింది. పాలున్నాయి, అయినా పంపించాను. ఆవిడ మొహం మీద టీవీ వార్తల్లోలాగా కింద అక్షరాలు పరిగెడుతుంటాయి. నేనే తరిగేవాణ్ణి గానీ, కంటి ఆపరేషన్ అయ్యాక ఉల్లిపాయ జోలికి పోవద్దన్నాడు డాక్టరు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పొద్దని మాత్రం అనలేదు.

పద్ధతి నాది కాదులే. నాదేదీ నాది కాదు, క్లాసులో చెప్పే పాఠాలతో సహా. ఇది గోవిందరాజులుది. హాల్లో ఫోటో చూశావుగా, మఫ్లర్ చుట్టుకుని ఫోటోగ్రాఫర్ మీద అనుమానం ఉన్నట్టు నిలబడ్డాడు, ఆయనే. పోయి చాలా ఏళ్లయింది. అప్పట్లో ఇద్దరం ఈ ముఖర్జీ నగర్‌లోనే, ఈ గల్లీ చివర మేడ మీద రేకుల గదిలో ఉండేవాళ్లం. మే నెలలో ఆ గదిలో స్టవ్ వెలిగించడం దండగ ఖర్చు అనిపించేది. ఇద్దరిదీ నీలాగే సివిల్స్ పిచ్చే. నేనైతే పైగా మహా వైరాగ్యంలో ఉండేవాణ్ణి. ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నానుగా, సిలబస్‌లో ఉన్నవన్నీ వంటబట్టేశాయనుకునేవాణ్ణి. ఒక జనవరిలో, ఈ దేహం నాది కాదని చెప్పి, కప్పుకునే నా దూది రజాయి పట్టుకెళ్లి గల్లీ కాపలా కాసే చౌకీదారుకి ఇచ్చేశాను. తెల్లారేసరికి దేహం నాదేనని తెలిసిపోయింది. వెనక్కి అడుగుదామని వెళ్తే, వాడు 'సాబ్, ఆప్ తో సంత్ హైఁ', మీరు మహాత్ములు అని కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఇంక నోరెలా వస్తుంది. ఆ చలికాలమంతా గోవిందరాజులు రజాయిలోనే సగం. 'సంత్ గారూ, కాళ్లు కొంచెం అటు' అనేవాడంతే.

ఆఁ, వస్తున్నా, రిజల్ట్ దగ్గరికే వస్తున్నా, నువ్వు తరుగు. అప్పుడు ఈ ఫోన్లెక్కడివి. షాజహాన్ రోడ్డులో ఈ పరీక్షలు పెట్టే ఆఫీసు బయట బోర్డు మీద నంబర్లు అంటించేవాళ్లు. మన తెలుగు కుర్రాళ్లు ఎవడూ తన నంబరు తను చూసుకోడానికి వెళ్లేవాడు కాదు. అందరి నంబర్లూ పట్టుకుని గోవిందరాజులు బస్సెక్కేవాడు. ఆయన్నే ఎందుకంటావా, ఆ మొహం వల్ల. ఎవడికి వచ్చినా, ఎవడికి రాకపోయినా కరెంటు బిల్లు చదువుతున్నట్టే ఉండేది. వచ్చి చెప్పులు విప్పి, 'ఒరే, ఉల్లిపాయలు తేండి' అనేవాడు. అందరికీ తలా కాసిని పంచేవాడు. తరుగుతూ తరుగుతూ కళ్లు మండి నీళ్లు కారుతున్నప్పుడు, ఒక్కొక్కడి పక్కనా కూర్చుని చెవిలో చెప్పేవాడు, వచ్చిందిరా అనో, రాలేదురా అనో. ఏడ్చేది ఎందుకో ఎవడికీ తెలిసేది కాదు, గదంతా ఒకటే ఏడుపు. 'బోర్డు కొట్టే దెబ్బ నేనాపలేనురా. నలుగురూ చూస్తున్నారనే రెండో దెబ్బ ఆపగలను. పైగా సాంబారు తయారవుద్ది' అనేవాడు. సాంబారు బాగుండేది. ఫెయిలైనవాళ్లే ఎక్కువ తినేవాళ్లు, ఎందుకో.

నా ఆఖరి అటెంప్టు, ఆయన ఆఖరి అటెంప్టు ఒకే ఏడాది. వచ్చాడు, ఉల్లిపాయలు పెట్టాడు. నేను మంచి జోరులో ఉండగా, 'రాలేదురా సదాశివం' అన్నాడు. నేను తరగడం ఆపలేదు. ఉల్లిపాయలు అయిపోయాక బంగాళాదుంపలు తరిగాను. అవీ అయిపోయాక, 'మరి నీది?' అన్నాను. 'నాది చూడ్డం మర్చిపోయాను' అన్నాడు. విన్నావా, తనది చూడ్డం మర్చిపోయాడట. రజాయిలు పంచిపెట్టడం కాదురా సదాశివం, వైరాగ్యమంటే ఇదీ అనుకున్నాను. తర్వాత ఈ కోచింగ్‌లో ఎథిక్స్ చెప్పడానికి కుదిరాక ప్రతి బ్యాచ్‌కీ మైకులో ఇదే చెప్పాను. గోవిందరాజులనే మహానుభావుడు ఉండేవాడు, పని చేశాడు, ఫలితం వైపు తిరిగి చూడలేదు అని. పిల్లలు నోట్సు రాసుకున్నారు. ఒకబ్బాయి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. ఆ వైరాగ్యం పాఠం మధ్యలోనే ఒకరోజు మైకు ఆగిపోతే ఆపరేటర్‌ని గేటు దాకా తరుముతూ తిట్టాను, అది వేరే సంగతి.

ఆయన పోయేముందు ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్లాను. 'నా గురించి క్లాసులో ఏదో చెప్తున్నావంట' అన్నాడు. గర్వంగా అంతా చెప్పాను. ఆ మొహం మీద నవ్వు చూడ్డం అదే మొదలు. 'మర్చిపోవడమేంట్రా పిచ్చోడా. అందరి నంబర్లూ చూశాను. నాది ఉండాల్సిన వరస దగ్గరికొచ్చేసరికి బోర్డుకి వీపు తిప్పేసి బస్సెక్కేశాను. మర్నాడు సుభాషిణి వెళ్లి చూసొచ్చింది' అన్నాడు. సుభాషిణి అంటే తర్వాత ఆయన భార్యయింది, అప్పట్లో కింద వాటాలో ఉండే రైల్వే గుమాస్తా గారి అమ్మాయి. 'చూసొచ్చి ఏమంది?' అన్నాను. 'ఏమంటుంది, ఉల్లిపాయలు ఇచ్చింది' అన్నాడు.

అప్పటికి అర్థమైంది నాకు, జుట్టంతా పోయాక. తన ఫలితం మీద తనకి వైరాగ్యం రాదమ్మా, ఎంత గింజుకున్నా రాదు. కాస్తో కూస్తో వస్తే పక్కవాడి ఫలితం మీదే వస్తుంది. అంచేత ఒకళ్లది ఒకళ్లు చూసిపెట్టాలి. ఇన్నేళ్ల నా ఫిలాసఫీ ఇంతే. క్లాసులో ఇప్పుడిదే చెప్తున్నారా అని అడక్కు. చెప్పట్లేదు. పాతదానికే మార్కులు వేస్తున్నారు.

ఆ చేత్తో కళ్లు తుడుచుకోకు, ఇంకా మండుతుంది. కారనీ. నా మొహంలోకి చూసి లాభం లేదు, గోవిందరాజులు దగ్గర ట్రైనింగు. రాలేదమ్మా. నీ నంబరుకి ముందూ వెనకా కూడా వెతికాను, పక్క పేజీ కూడా చూశాను. రాలేదు. తరుగు. తరుగుతూ ఉండు. మీ నాన్నగారికి నేను ఫోన్ చేసి చెప్తాను, ఆయన అనేవేవో నన్నే అననీ, ఆ రెండో దెబ్బ నాకొదిలెయ్. సాంబారు తిన్నాక నువ్వు మాట్లాడుదువుగాని. ఇంకా ముక్కలు కావాలి, ఆంటీ కూడా తింటుంది. ఆ గట్టు మీద ఇంకో కత్తి ఉంది చూడు, ఇటివ్వు. తెలుసులేమ్మా డాక్టరు సంగతి. ఇవ్వు.